తల ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది

వింత ఫొటో తీయడం ఇప్పుడు ఎవరికైనా చేతనవుతుంది. ఆ వింత ఎందుకని అడిగితేనే నోరు పెగలదు. తమిళనాడులోని వేలూరు జిల్లా కే.వి.కుప్పం పరిసరాల్లో కెమెరా పట్టిన విద్యార్థికి ఆ జవాబు ఊరి జాతరలోనే దొరుకుతుంది.

ఏటా తమిళ వైకాశి నెల మొదటి రోజున, అంటే మే 14న గానీ 15న గానీ, పొరుగున ఉన్న గుడియాత్తం వీధుల్లో ఒక తల ఊరేగుతుంది. తరణంపేట ముత్యాలమ్మ గుడిలో బయల్దేరిన గంగమ్మ శిరస్సు కొబ్బరికాయలు పగులుతున్న మోతలో, పూలదండల బరువుతో, జనం తలల మీదుగా గోపాలపురం గంగమ్మ గుడికి చేరుతుంది. అక్కడ మండపంలో తల లేని విగ్రహం ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ మొండేనికి ఈ తలను అమరుస్తారు. అప్పటిదాకా చెక్కా రంగూ అనిపించినది ఒక్కసారిగా అమ్మవారైపోతుంది. రాత్రికి మళ్లీ తల వేరు చేస్తారు.

దీని వెనక ఉన్నది రేణుక కథ. తండ్రి జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి తల నరికాడు. వరం పొంది తిరిగి బతికించుకోబోయినప్పుడు తొందరలో తల్లి తలను పక్కనే పడి ఉన్న చండాళ స్త్రీ మొండేనికి అతికించాడు. సరిహద్దు దాటి చిత్తూరు జిల్లా కుప్పం వెళ్లినా గంగమ్మ జాతరలో శిరస్సు ఊరేగింపే పెద్ద ఘట్టం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ చుట్టుపక్కల సీమ చాలావరకు ఉత్తర ఆర్కాటు కిందే ఉండేది. గీత తర్వాత గీశారు, అమ్మవారు అంతకుముందు నుంచే ఉంది.

ఇక కే.వి.కుప్పం. కాట్పాడి నుంచి గుడియాత్తం వెళ్లే దారిలో, లత్తేరి దాటాక వస్తుంది. కీళ్‌వైత్తియణాన్‌కుప్పం అన్న పూర్తి పేరు బోర్డుల మీద తప్ప ఎవరి నోటా వినపడదు. మన తెలుగువాళ్లకు వేలూరు అంటే సీఎంసీ ఆసుపత్రి, వీఐటీ, శ్రీపురం బంగారు గుడి. ఆ మూడూ చూసుకుని రైలెక్కేస్తాం. కాట్పాడికి పడమరగా, మగ్గాలూ బీడీలూ అగ్గిపెట్టెలతో బతికే ఈ ఊళ్ల వైపు తిరిగి చూసేది తక్కువ. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ బోలెడు.

అలాంటి ఇంటి నుంచి వచ్చి ఫొటోగ్రఫీ చదువుతున్న అమ్మాయికి, ‘సర్రియల్ పోర్ట్రెయిట్’, అంటే అధివాస్తవిక రూపచిత్రం మీద ఆరు ఫొటోలు తీసి, వాటిని తనే విశ్లేషించి రాసుకురమ్మని కాలేజీలో చెప్పారనుకుందాం. ముందు ఏం చేస్తుంది? ఫోన్లో వెతుకుతుంది. తల స్థానంలో బెలూన్, ముఖం స్థానంలో పూలగుత్తి, గాల్లో తేలే మనిషి, కరిగి కారుతున్న గడియారం కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఎంచుకుని తనూ చేస్తుంది. మార్కులు కూడా వస్తాయేమో. కానీ కరిగిన గడియారం స్పెయిన్ చిత్రకారుడు డాలీ కల. ఆంద్రే బ్రెటన్ 1924లో ప్యారిస్‌లో సర్రియలిస్టు ప్రకటన రాసినప్పుడు అడిగినది ఎవరి కల వాళ్లు, ఎవరి భయం వాళ్లు బయటపెట్టుకోమని. పక్కవాడి కలను అరువు తెచ్చుకుంటే మిగిలేది అలంకారమే. ఏటా మే నెలలో ఇంటికి దగ్గర్లోనే ఒక దేవత తల వేరే ఒంటి మీద కుదురుకుంటుంటే, ఈ పిల్లకు స్పెయిన్ నుంచి గడియారం తెచ్చుకోవాల్సిన అవసరం ఏముంది?

విక్రమార్కుడి తీర్పు

చందమామ చదివి పెరిగినవాళ్లకు తలలు మారిన కథ కొత్త కాదు. భర్త తల, ఇంకొకడి తల తారుమారు చేసి అతికించిన ఆడదాని కథ చెప్పి, వీళ్లలో ఆమె మొగుడెవడని భేతాళుడు అడుగుతాడు. తల ఎవరిదైతే మనిషి వాడేనంటాడు విక్రమార్కుడు. పదకొండో శతాబ్దపు కథాసరిత్సాగరం నుంచి వచ్చిన కథ ఇది. దీన్నే థామస్ మాన్ 1940లో జర్మన్ నవలికగా రాశాడు. గిరీష్ కర్నాడ్ ‘హయవదన’ నాటకానికీ ఇదే మూలం. చందమామలో శవాన్ని భుజాన వేసుకుని కత్తి దూసి నడిచే రాజు బొమ్మ గీసిన శంకర్, అంటే కె.సి.శివశంకరన్, ఎన్నో తరాల పిల్లలకు తొలి అధివాస్తవిక చిత్రకారుడు. ఆ మాట ఆయన గురించి ఎవరూ అనకపోవడం వేరే సంగతి.

పాస్‌పోర్టు ఫొటోది విక్రమార్కుడి పక్షమే. ముఖం ఉంటే మనిషి ఉన్నట్టు. స్టూడియో పోర్ట్రెయిట్ కూడా పుట్టినప్పటి నుంచి ఆ తీర్పునే నమ్ముతూ వచ్చింది. గుడియాత్తం జాతర మాత్రం రెండో సగాన్ని కూడా లెక్కలోకి తెస్తుంది. తలకు పేరుంది, పురాణముంది, ఊరేగింపు ఉంది. మోస్తున్న ఒంటికి పేరు లేదు. ఆ ఒళ్లు ఏ కులానిదో మాత్రం కథ మరిచిపోకుండా చెబుతుంది. కే.వి.కుప్పం అసెంబ్లీ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినది. ఇక్కడ ఈ కథ వినే చెవులన్నీ ఒకేలా వినవు. సర్రియల్ పోర్ట్రెయిట్ తీయాలనుకునే విద్యార్థికి నా దృష్టిలో ఇంతకంటే బలమైన ప్రశ్న దొరకదు. మనిషిని గుర్తు పట్టాల్సింది ముఖాన్ని బట్టేనా? పని చేసిన ఒంటిని బట్టి కాదా?

మాయా శశిరేఖలో ట్రిక్కు ఎక్కడుంది?

సర్రియల్ అనగానే సాఫ్ట్‌వేర్ తెరిచే అలవాటుకు విరుగుడు మన సినిమాలోనే ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’కు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ మద్రాసు స్టూడియోలో, కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో చేసిన మాయలు ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. లెన్సు ముందు సగం మూసి ఒకసారి, ఫిల్మును వెనక్కి తిప్పి మిగతా సగం ఇంకోసారి ఎక్స్‌పోజ్ చేయడం ఆనాటి కెమెరామన్లకు తెలిసిన విద్య. కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు సగాలూ కలవవు.

అయితే ఆ సినిమాలో అన్నిటికంటే వింత పోర్ట్రెయిట్‌కు ట్రిక్కు అక్కర్లేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. తెర మీద ఉన్నది సావిత్రే. చీరా నగలూ ముఖమూ శశిరేఖవే. కానీ భుజం విరిచే తీరులో, కనుబొమ్మ ఎగరేయడంలో, అడుగు వేయడంలో ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి.రంగారావు కనిపిస్తాడు. పీటల మీద లక్ష్మణకుమారుడు హడలిపోయేది ఆ చూపుకే. తల ఒకరిది, లోపలి మనిషి ఇంకొకరు. దీన్ని ఆవిడ ఒంటితో చేసింది. చందమామ పెట్టినదీ, ఈ సినిమా తీసినదీ ఒకే జంట, నాగిరెడ్డి–చక్రపాణి. కాకతాళీయమో కాదో గానీ తలలు మారిన కథా, మనుషులు మారిన కథా మనకు ఒకే గడప నుంచి వచ్చాయి.

ఊళ్లోని ఫొటో స్టూడియోకు వెళ్లినా ఈ విద్య కనపడుతుంది. పెళ్లికి ముందే పోయిన తండ్రిని కొడుకు పెళ్లి ఫొటోలో వధూవరుల వెనక నిలబెట్టించుకోవడం మన ఇళ్లలో మామూలు. తండ్రిది పదిహేనేళ్ల కిందటి రేషన్ కార్డు ఫొటో, చొక్కా ఎవరిదో, నిలబడ్డ ఒళ్లు ఎవరిదో. మిక్సింగ్ చేసే కుర్రాడు దాన్ని ఆర్ట్ అనడు, ‘సెట్ చేశాను’ అంటాడు. మధ్యప్రదేశ్‌లోని నాగ్దా స్టూడియోల్లో ఇలాంటి జోడింపు ఫొటోలను పరిశీలించి క్రిస్టఫర్ పిన్నీ 1997లో ‘కెమెరా ఇండికా’ అనే పుస్తకమే రాశాడు. చిత్రకారుడు వివాన్ సుందరం తన తాత ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన పాత ఫొటోలను 2001 ప్రాంతంలో కంప్యూటర్ మీద కలిపి, వేర్వేరు కాలాల్లోని కుటుంబసభ్యులను ఒకే గదిలో కూర్చోబెట్టాడు. గ్యాలరీ గోడ మీద ఉంటే కళ, పెళ్లి ఆల్బంలో ఉంటే సెట్టింగా? ఈ తేడాను నేనైతే ఒప్పుకోను. లోటు నుంచి పుట్టిన వింతే ఎక్కువ కాలం నిలుస్తుంది, అది ఎక్కడ వేలాడినా సరే.

అమ్మమ్మ చేతులు

ఇప్పుడు ఒక్క ఫొటో దగ్గరగా చూద్దాం. ఈ ఊళ్లలో ఆడవాళ్లు చాలామంది బీడీలు చుట్టేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారపు ఉండ. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. ఆ కూలి మీదే మనవరాలి చదువు నడుస్తుంటే, ఆ అమ్మాయి పోర్ట్రెయిట్ ఎలా ఉండాలి?

గడప దగ్గర, తలుపు నుంచి పడే పక్క వెలుగులో మనవరాలు కూర్చుంటుంది. ఒళ్లో చాట. తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంటుంది. అమ్మమ్మ ఆమె వెనక ఆనుకుని కూర్చుని, చంకల కిందుగా తన చేతులు ముందుకు చాచి బీడీ చుడుతుంది. భుజం దగ్గర అతుకు కనపడకుండా ఓణీ కప్పుతుంది. చిన్నప్పుడు పిల్లలంతా ఆడే ఆటే ఇది. ఇరవై ఏళ్ల ముఖం, డెబ్బై ఏళ్ల చేతులు. సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

కెమెరా స్టాండు మీదే ఉండాలి. 50 ఎంఎం లెన్సుకు ఎఫ్/1.8 ఉంది కదా అని తెరిస్తే ముఖం నిలుస్తుంది, చేతులు మసకబారతాయి. చేతులు మసకబారితే ఇక ఫొటో లేనట్టే. ఎఫ్/8కి దించి, ఐఎస్ఓ 800 దాకా పెంచి, 1/60 సెకను దగ్గర తీయాలి. వేళ్లు కొంచెం కదిలినట్టు పడినా తప్పు లేదు, అవి పనిలో ఉన్న వేళ్లు. ఫ్లాష్ వద్దు. రెండు ఒళ్ల మీదా ఒకే తలుపు వెలుగు పడటమే ఈ బొమ్మలో సగం నమ్మకం. వేర్వేరుగా తీసి కంప్యూటర్లో అతికిస్తే సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. ముఖానికి ఎడమ వెలుగు, చేతులకు కుడి వెలుగు ఉంటే, కారణం చెప్పలేకపోయినా చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది.

గాల్లో తేలే మనిషి ఫొటోలు ఎక్కువగా తేలిపోయేదీ ఇలాంటి చోటే. మనిషిని స్టూలు మీద పడుకోబెట్టి ఒకటి, మనిషీ స్టూలూ లేకుండా ఖాళీ చోటు ఇంకొకటి తీసి, స్టూలు చెరిపేస్తారు. మనిషి తేలుతాడు గానీ జుట్టూ పైటకొంగూ స్టూలు అంచు మీద ఒత్తుకుపోయిన ఆనవాళ్లు అలాగే ఉంటాయి. కింద నేల మీద నీడ ఉండదు. కొంగును ఒకరు పట్టి పైకి లాగి వదలాలి, నీడను విడిగా తీసుకోవాలి. ఇంత కష్టపడ్డాక కూడా ‘ఈవిడ ఎందుకు తేలుతోంది?’ అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ శ్రమంతా గారడీ కిందే లెక్క.

ఎన్నిసార్లు?

ఫిలిప్ హాల్స్‌మన్ 1948లో తీసిన ‘డాలీ ఆటోమికస్’ చూడని ఫొటోగ్రఫీ విద్యార్థి ఉండడు. డాలీ ఎగురుతుంటాడు, మూడు పిల్లులు గాల్లో ఉంటాయి, నీళ్లు వంపు తిరిగి ఆగిపోతాయి, కుర్చీ నేలకు ఆనదు. ఆ కుర్చీని పట్టుకున్నది హాల్స్‌మన్ భార్య. పిల్లులను విసిరింది సహాయకులు. బాతును డైనమైట్‌తో పేల్చుదామని డాలీ ముందు సలహా ఇచ్చాడట, అది అక్కడితో ఆగింది. ఒక్కో ప్రయత్నం అయ్యాక హాల్స్‌మన్ చీకటి గదిలోకి వెళ్లి ఫిల్ము కడిగి చూసేవాడు. ఈలోగా మిగతావాళ్లు నేల తుడిచి, పిల్లులను పట్టుకునేవాళ్లు. కుదిరింది 28వ సారి.

మన కాలేజీల్లో మూల్యాంకనం అంటే ప్రాజెక్టు అయిపోయాక చివర్లో రాసే నాలుగు పేజీలు. హాల్స్‌మన్ దగ్గర అది ప్రతి రెండు గెంతులకూ మధ్య జరిగింది. డాలీ తల నీళ్ల వెనక దాక్కుందా, పిల్లి ముఖం తిప్పుకుందా అని చూసి, మళ్లీ దూకమన్నాడు. జెర్రీ యూల్స్‌మన్ ఫ్లోరిడాలో ఒకే గదిలో వరుసగా ఎన్‌లార్జర్లు పెట్టుకుని, ఒక్కో దాంట్లో ఒక్కో నెగెటివ్ ఉంచి, ఒకే కాగితాన్ని వాటి కింద జరుపుకుంటూ బొమ్మ కట్టేవాడు. ఫొటో తీసేటప్పుడే అంతా అయిపోదని, తీశాక కూడా ఆలోచన సాగుతుందని ఆయన వాదం. ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ మరీ దగ్గరి ఉదాహరణ, ఎందుకంటే ఆమెవి విద్యార్థి ఫొటోలే. రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో 1975 నుంచి 1978 దాకా చదువుతూ, పాడుబడ్డ ఇంట్లో, ఊడిన గోడ కాగితాల వెనక, నిదానపు షట్టర్‌తో తనను తాను మసక చేసుకుంది. 22 ఏళ్లకే వెళ్లిపోయింది. ఈనాటికీ ప్రపంచమంతా చూసేవి ఆ క్లాసు రోజుల చిత్రాలే.

కాబట్టి విశ్లేషణ పేజీల్లో ‘ఈ టూల్ వాడాను, ఆ లేయర్ వేశాను’ అని రాస్తే అది వంట రాయడం అవుతుంది, రుచి రాయడం కాదు. పారేసిన ఫొటోల గురించి రాయాలి. తీసినవన్నీ చిన్నగా ప్రింటు చేసి నేల మీద పరచి, ఆరు మిగిలేదాకా ఏది ఎందుకు తీసేశారో రాసుకుంటే చాలు, సగం విశ్లేషణ అయిపోయినట్టే. బీడీల ఫొటోలో అమ్మాయి నవ్వినవి ఉంటాయి. చూసీ చూడగానే అవే బాగుంటాయి. నేనైతే వాటిని తీసేయమంటాను, నవ్వు ఉంటే అది ఆటలా కనిపిస్తుంది. ముఖం మామూలుగా, పాస్‌పోర్టు ఫొటోలో ఉన్నట్టు ఉండాలి. చూసేవాళ్లు ముందు ముఖాన్ని చూసి, సరేనని దాటిపోబోతూ చేతుల దగ్గర ఆగాలి. వింత ఆలస్యంగా తగలాలి. వెంటనే తగిలే వింత వెంటనే పాతబడుతుంది.

సగం మూల్యాంకనం తెరను వదిలి కాగితం మీద చూడటంలోనే ఉంది. ఫోన్లో అన్నీ బాగుంటాయి. మన స్టూడియోల్లో మామూలుగా వేసే 12×18 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో రావాలంటే 3600×5400 పిక్సెల్స్, అంటే సుమారు 19 మెగాపిక్సెల్స్ కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరాకు అది భారం కాదు, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపి దిగుమతి చేసుకున్న బొమ్మకు మాత్రం అసాధ్యం. ఆ ప్రింటును కథ చెప్పకుండా ఒక కొత్త మనిషి ముందు పెట్టి ఊరుకోవాలి. ‘చేతులేంటి ఇలా ఉన్నాయి?’ అని వాళ్లంతట వాళ్లే అడిగితే బొమ్మ పని చేసినట్టు. ‘ఎడిటింగ్ బాగుంది’ అంటే చేయనట్టు.

యంత్రం తీస్తుంటే మనమెందుకు?

ఈ మాట జ్యూరీలో ఎవరో ఒకరు అడుగుతారు. ‘ముసలి చేతులున్న అమ్మాయి’ అని రాస్తే అర నిమిషంలో బొమ్మ వచ్చేస్తోంది కదా అని. 2023లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ ఏఐతో చేసిన చిత్రం సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో బహుమతి గెలిచింది. అది ఫొటో కాదని ఆయనే చెప్పి బహుమతి వద్దన్నాడు. మరుసటి ఏడు దీనికి ఎదురు కథ జరిగింది. మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ ఒక ఫొటో పోటీలోని ఏఐ విభాగానికి నిజం ఫొటో పంపి బహుమతి గెలిచాడు, సంగతి బయటపడ్డాక అనర్హుడయ్యాడు. ఆ ఫొటోలో తల లేని ఫ్లెమింగో ఉంటుంది. పక్షి తల వంచి పొట్ట గోక్కుంటోంది, అంతే. పులికాట్ ఒడ్డున చలికాలంలో మనమూ చూడగల దృశ్యం అది.

గుడియాత్తం జాతరలో తల ఎక్కినదీ, పులికాట్‌లో తల దాగినదీ, రెండూ కళ్లెదుట జరిగేవే. ఏఐ బొమ్మలోని చేతులు ఎవరివీ కావు. గడప దగ్గర తీసిన ఫొటోలోని చేతులకు మనిషి ఉంది, ఆ మనిషికి కూలి ఉంది. ఈ జవాబును జ్యూరీ ముందు తడబడకుండా చెప్పగలిగితే ప్రాజెక్టు నిలబడుతుంది. నా తీర్పు అదే.

ఆసక్తి ఉన్న పిల్లలకు దారులు లేకపోలేదు. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ చదవొచ్చు. అదే నగరంలో 2015 నుంచి ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరుగుతోంది. కాట్పాడి నుంచి రైల్లో రెండు గంటలకు అటూ ఇటూగా చేరే చెన్నైలో 2016లో మొదలైన ఫొటో బిన్నాలే ఉంది.

చివరగా, కెమెరా పట్టుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. జాతరలో శిరస్సు దగ్గరికి వెళ్లే ముందు గుడివాళ్లను అడగండి. పూనకం వచ్చిన మనిషి ముఖాన్ని మర్నాడు ఆమె అనుమతి లేకుండా వాడకండి. ఇంట్లోవాళ్లనే తీసినా, వాళ్ల ఒంటితో ఏం చెప్పబోతున్నారో ముందే చెప్పండి, వద్దంటే మానేయండి. ఆరు ఫొటోలూ కాలేజీలో ఇచ్చే ముందు ఒక ప్రింటు ఎక్కువ వేయించి ఆ చేతుల మనిషికి ఇవ్వండి. ఆవిడ ఏమందో మీ విశ్లేషణలో మొదటి పేజీలో రాయండి.